అప్ప కారులో తెలుగు ముళ్ళు

నా ఉద్యోగమంతా ముళ్ళ మీదే గడిచింది. అయ్యో పాపం అనకండి, అది నా ఇష్టం. నేను గేజీలు బాగుచేసే మెకానిక్‌ని. లారీల స్పీడు మీటర్లు, బోట్ల ఇంజన్ మీటర్లు, ఫ్యాక్టరీల ప్రెషర్ గేజీలు, ఏవైనా సరే, గాజు వెనక ఒక ముల్లు ఉండి అది కదలడం మానేస్తే నా బల్ల మీదకి వచ్చేది. ఎవరికైనా ముల్లు గుచ్చుకుంటే తీసేవాళ్ళు ఊరి నిండా ఉంటారు. ఊడిన ముల్లును తిరిగి గుచ్చేవాణ్ణి నేనే.

మొన్న మధురవాడలో మా అపార్ట్‌మెంట్‌వాళ్ళు కొత్త కారు కొని అందరికీ చూపించారు. డాష్‌బోర్డులో ముల్లన్నదే లేదు. అటు చివరి నుంచి ఇటు చివరి దాకా ఒకటే తెర. తాళం తిప్పగానే ఒక ఆడగొంతు ఇంగ్లీషులో ఏదో చెప్పింది. "తెలుగులో చెప్పదా?" అని అడిగాను. "ఎక్కడో ఆప్షన్ ఉంటుందంకుల్, వెతకాలి" అన్నారు. నాకు నవ్వు ఆగలేదు. పిల్లలూ, మీరింకా వెతుకుతున్నారు. తొంభైల్లోనే విశాఖపట్నంలో ఒక కారు డాష్‌బోర్డు తెలుగు మాట్లాడింది. అది చేసింది మేమే. చేసి, అందులో ఎంత పెద్ద తప్పు చేశామో కూడా చెబుతాను. నేను చేసిన పనులన్నింటిలో నాకు బాగా ఇష్టమైనది అదే.

మా షాపు ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళే రోడ్డు మీద, ఐసు ఫ్యాక్టరీకి ఎదురుగా ఉండేది. కూర్మన్నపాలెం స్టీల్ ప్లాంటు వైపు నుంచి కాంట్రాక్టర్లు ప్రెషర్ గేజీల్ని గోనెసంచుల్లో పోసి బంగాళాదుంపల్లా దింపి వెళ్ళేవారు. మా ఓనరు గోదావరి జిల్లా మనిషి. కోపం వచ్చినా మర్యాద తప్పేవాడు కాదు. "బుద్ధుందాండీ మీకు? గడ్డి తింటున్నారాండీ?" అని తిట్టేవాడు. ఆ తిట్టుకి ముఖం ముడుచుకోవాలో, చేతులు జోడించాలో మాకు తెలిసేది కాదు. పని విషయంలో ఆయనది ఒకటే మాట. ముల్లు అబద్ధం ఆడకూడదు. మనిషి అబద్ధమాడితే సర్దుకోవచ్చు, ముల్లు అబద్ధమాడితే ఏదో ఒకటి పేలుతుంది అనేవాడు.

షాపు వరండాలో ఒక పెయింటర్ ఉండేవాడు. వాడు మా దగ్గర ఉద్యోగీ కాదు, అద్దెకున్నవాడూ కాదు. ఒకరోజు ఎండకి నీడ చూసుకుని వచ్చి కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. బోట్ల మీద పేర్లు, నంబర్లు, దేవుళ్ళ బొమ్మలు వేయడం వాడి పని. గేజీ మీద అంకెలు చెరిగిపోతే మాకు వాడే దిక్కు. చెయ్యి ఎంత నిలకడంటే, గోరంత చోటులో కూడా గుండ్రంగా అక్షరాలు పేర్చేవాడు. ఒకటే జబ్బు. చెవిన పడ్డది పడ్డట్టు రాసేవాడు. ఒక బోటు ఓనరు వచ్చి "మాయమ్మ పేరెట్టు" అంటే, బోటు మీద పెద్ద అక్షరాలతో 'మాయమ్మ' అని రాసేశాడు. మాయమ్మ ఎవరని హార్బర్ అంతా అడుగుతుంటే ఆ ఓనరు కర్ర పట్టుకుని వచ్చాడు. వీడు మాత్రం తొణకలేదు. "నువ్వు సెప్పిందే రాసేను బావా. సెప్పినోడిదా తప్పు, రాసినోడిదా?" అన్నాడు. ఆ బోటు చాలాకాలం మాయమ్మగానే తిరిగింది.

ఇక అసలు కథ.

ఒకరోజు పొద్దెక్కాక ఐసు ఫ్యాక్టరీ కూలీలు ఒక కారును తోసుకుంటూ వచ్చి మా షాపు ముందు వదిలారు. గుండ్రటి వీపున్న పాత డీజిల్ కారు, ఒకప్పుడు టాక్సీగా తిరిగినది. వెనక సీటులో సగం పీకేసి చేపల తట్టలు పేర్చారు. బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తోంది. వెనక తలుపు సందుల్లోంచి ఐసు నీళ్ళు కారుతున్నాయి. ముందంతా ఉడుకుతోంది, వెనకంతా కరుగుతోంది. స్టీరింగ్ దగ్గర నుంచి ఒక ఆవిడ దిగి, పమిట నడుముకి బిగించి, చక్రాన్ని ఒక తన్ను తన్నింది.

ఆవిడ ఎవరో హార్బర్‌లో అందరికీ తెలుసు. తెల్లవారక ముందే చేపల వేలం పాడే మనిషి. ఆ గొంతు లేస్తే బోటు హారన్ కూడా కాసేపు ఆగి వినాలి. చిన్నా పెద్దా అందరూ అప్ప అనే పిలిచేవారు. మా వైపు అప్ప అంటే అక్క.

"తమ్ముడా, ఈ డబ్బాలో ముళ్ళన్నీ సచ్చిపోనాయి. ఒక్కటే బతికున్నాది. అదీ ఇంగిలీసులో ఏడుత్తంది" అంది నాతో.

లోపలికి తొంగి చూశాను. స్పీడు ముల్లు సున్నా మీద పడుకుంది. డీజిల్ ముల్లు ట్యాంకు ఎండినా నిండినా ఒకే చోట నిలబడి ఉంది. ఇంజన్ ఆయిల్ మీటరు ఉండాల్సిన చోట ఎవరో వెంకన్న స్టిక్కరు అంటించారు, ఆ బాధ్యత ఆయనకే అప్పజెప్పినట్టున్నారు. బతికున్నది టెంపరేచర్ ముల్లు. దానికి ఎడమ పక్క సీ, కుడి పక్క హెచ్ అని ఇంగ్లీషు అక్షరాలు.

"ముల్లు అటు చివరకెల్తే బండి ఆపీయాలని తెల్దా అప్పా?" అన్నాను.

"ఏటి తెలుస్తాది? ఇదేమో గేలంలాగున్నాది. అదేమో నిచ్చెనలాగున్నాది. గేలం కాడున్న ముల్లు నిచ్చెనెక్కింది. పైకెక్కితే మంచిదే కదా అనుకున్నాను. ఉడికిపోనాది!"

సీ అక్షరం గాలం, హెచ్ అక్షరం నిచ్చెన. ఇన్నాళ్ళూ గేజీల మధ్య బతికి నాకు ఆ పోలిక తట్టనే లేదు. వరండాలో పెయింటర్ కడుపు పట్టుకుని నవ్వాడు. అప్ప కూడా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి అసలు సంగతి చెప్పింది.

కారు ఆవిడదే. నడిపేది మాత్రం మరిది. భర్త వేటకెళితే రోజుల తరబడి సముద్రం మీదే ఉంటాడు, కాబట్టి తాళం మరిది జేబులో ఉండేది. చేపలు ఎప్పుడు కదలాలో, ఏ బజారుకి వెళ్ళాలో వాడే చెప్పేవాడు. మార్నింగ్ షో మీద మనసైతే ఆ రోజు బండి కదిలేది కాదు. సినిమా సాయంత్రం దాకా ఆగుతుంది, చేప ఆగదు కదా. విసిగిపోయి అప్ప తెల్లవారుజామున వేలం మొదలవకముందు ఒక ముసలి డ్రైవరు దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంది. లెర్నర్ లైసెన్స్ వచ్చింది. బ్రేక్ ఇన్‌స్పెక్టరు టెస్టు దగ్గర పడింది.

"మా మరిది నలుగురిలో నవ్వేడు. మీటరు సదవడం రాని దానివి, నీకు కారేటి వొదినా అన్నాడు. నాను పంతం పట్టేసేను. టెస్టయ్యేదాకా తాళం నా కాడుంటాది. పాసయితే ఎప్పటికీ నాదే. తప్పితే జన్మలో తాళం ఊసెత్తను. నలుగురూ సాచ్చికం. మాట ఇచ్చీసేను తమ్ముడా, ఇంక ఎనక్కెల్నేను."

"అయితే కొత్త ముళ్ళు బిగించెత్తానప్పా."

"ఇంగిలీసు ముళ్ళొద్దు. సాయంత్రం బడికెల్లి తెలుగు అచ్చరాలు నేర్సుకున్నాను. కూడబలుక్కుని సదువుతాను. నాకు తెలుగు ముళ్ళు ఎయ్యి."

తెలుగు ముళ్ళు! ఆ మాట వినగానే నాకు ఒళ్ళంతా చక్కిలిగింతలు పెట్టినట్టయింది. ఏ కంపెనీ కేటలాగులోనూ లేని సరుకు అది. మా ఓనరు ఆ వారం బంధువుల పెళ్ళికి ఊరెళుతూ "నేను వచ్చేదాకా పెద్ద పనులేవీ ముట్టుకోకండీ" అని చెప్పే వెళ్ళాడు. ఇది చిన్న పనే అని మాకు మేమే చెప్పుకుని ముట్టుకున్నాం.

పాత మీటరు బోర్డంతా పీకేశాం. బోట్లు కట్టే మేస్త్రీ దగ్గర మిగిలిన టేకు చెక్క తెచ్చి, డాష్‌బోర్డు కొలతకి కోసి, గుండ్రంగా కన్నాలు పెట్టి వార్నిష్ కొట్టాం. టెంపరేచర్‌కి ఒక విప్పేసిన బోటులోని గేజీ దొరికింది. దానికి కరెంటుతో పని లేదు. వెనక సన్నటి రాగి గొట్టం పొడుగ్గా తోకలా ఉంటుంది. ఆ తోక చివర ఇంజన్ నీళ్ళలో మునిగి ఉంటే, నీళ్ళు ఎంత కాగితే ముల్లు అంత కదులుతుంది. బోటుకి సరిపోయే తోక కారుకి ఎక్కువైంది. మిగిలిందంతా జిలేబీలా చుట్టి చెక్క వెనక దాచాం.

తర్వాత డయళ్ళు ఊడదీసి, పాత అంకెలు గీకి, తెల్ల ఎనామెల్ పూసి ఆరబెట్టాం. అప్ప తిరగేసిన చేపల తట్ట మీద కూర్చుంది. పెయింటర్ నల్లరంగులో బ్రష్షు ముంచి చెవి అటు పెట్టాడు.

"బండి ఎంత బేగి ఎల్తందో సెప్పేది. దీనికేటి రాయాలప్పా?"

"జోరు."

"డీసెల్‌ది?"

"ఆయిలు. బోటులో అందరూ అదే అంటారు కదా. అయిపోతే నేదు అని రాయి. ఉంటే నిండా అని రాయి."

"ఇంజన్ నీళ్ళు బాగున్నాయనుకో?"

"సల్ల."

"మరిగిపోతంటే?"

"ఏడి."

అలాగే రాశాడు. ఎంత ముద్దుగా రాశాడనుకున్నారు! ఎడమ పక్క నీలం రంగులో 'సల్ల', కుడి పక్క ఎర్ర రంగులో 'ఏడి'. ఎర్ర అక్షరాల పక్కన చిన్న మంట బొమ్మ కూడా వేయబోయాడు. ముల్లుకి అడ్డం వస్తుందని నేనే ఆపాను.

గేజీ నిజం చెబుతోందో లేదో చూడాలి కదా. పక్కన టీకొట్టు పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళలో తోక ముంచాం. ముల్లు లేచి వెళ్ళి ఏడి మీద కూర్చుంది. ఐసు ఫ్యాక్టరీవాళ్ళు పరిగెత్తి ఐసు గడ్డ తెచ్చారు. తోక దానికి ఆనించాం. ముల్లు జారి సల్ల దగ్గరకి వచ్చింది. అంతే, అందరికీ అదొక ఆటైపోయింది. తోక నీళ్ళలో పెడితే కూలీలంతా "ఏడి!" అని అరవడం, ఐసు మీద పెడితే "సల్ల!" అని అరవడం. టీకొట్టువాడు టీ పోయడం మానేశాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు బస్సు వదులుకున్నారు. అప్ప ప్రతి డయలునీ వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. చివరి అక్షరం దాకా చదివి, తల ఎత్తి మావైపు చూసింది. ఆ ముఖంలో వెలుగు చూసి మేమిద్దరం చంకలు గుద్దుకున్నాం.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. బోర్డు బిగించే ముందు నేను అక్షరాలన్నీ ఒకటికి పదిసార్లు చదివాను. ఒక్క తప్పు కనబడలేదు. ఎలా కనబడుతుంది? చెప్పింది మా నోరు, రాసింది మా చెయ్యి, చదివింది మా కన్ను. దొంగతనం జరిగిన ఇంటికి దొంగనే కాపలా పెట్టినట్టయింది.

టెస్టు రోజు పొద్దున్నే అప్ప కారు తీసుకుని వెళ్ళిపోయింది. చేపల తట్టలు కూడా దింపలేదు. టెస్టు అవగానే అటునుంచటే బజారుకి వెళతానంది. ఆ కారు మలుపు తిరిగిందో లేదో మా ఓనరు పెళ్ళి నుంచి తిరిగొచ్చాడు. గోడకి మేకు కొట్టి వేలాడదీసిన ఒక డయలు మీద ఆయన చూపు పడింది. పెయింటర్ ముందుగా నమూనా కోసం రాసి, అందంగా వచ్చిందని అక్కడ తగిలించుకున్నది.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని చదివాడు. "సల్ల ఏడి?"

మేము గర్వంగా నిలబడ్డాం.

"సల్ల ఎవరండీ? మన షాపులో చేశాడా? ఎందుకు వెతుకుతున్నారండీ?"

"అది పేరు కాదు సార్. సల్ల, ఏడి. టెంపరేచరు."

"వేడి అనాండీ మీ ఉద్దేశం?"

"అదే సార్, ఏడి."

"వే... డి. వకారం ఏదండీ? చకారం ఏదండీ? ఇది చదివినవాడు మనిషి తప్పిపోయాడనుకుంటాడండీ!"

నేను పెయింటర్ వైపు చూశాను. వాడు నా వైపు చూశాడు. పుస్తకంలో వేడి అని ఉంటుందని ఇద్దరికీ తెలుసు. పుస్తకంలో చదివినప్పుడు తెలుసు, మీటరు మీద రాసినప్పుడు తెలియలేదు. ఓనరు ఇంకో పిడుగు వేశాడు. ఆ బ్రేక్ ఇన్‌స్పెక్టరు గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చాడట, మహా చండశాసనుడట, పక్కన కూర్చుని మీటరు చూపించి ఇది ఏమిటి, అది ఏమిటి అని అడుగుతాడట. ఈ రాత చూస్తే వేళాకోళం చేస్తున్నారనుకుని దింపేస్తాడు. అప్ప తాళం ఇక మరిదిదే. మా పై ప్రాణాలు పైనే పోయాయి.

"నిలబడ్డారేంటండీ? నా స్కూటర్ తీసుకెళ్ళండి, దిద్దెయ్యండి!" అని ఓనరే తాళం విసిరాడు.

నేను నడుపుతున్నాను, వెనక పెయింటర్. ఒక చేతిలో రంగు డబ్బా, ఇంకో చేతిలో బ్రష్షు. నన్ను పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా డబ్బా నా వీపు మీద ఒకసారి తొణికేది. "బావా, మెల్లగెల్లు, వకారం ఒలికిపోతంది!" అని అరిచేవాడు. ఇంత కంగారులోనూ నవ్వొచ్చి స్కూటర్ వంకర్లు తిరిగింది. టెస్టు పెట్టే మైదానానికి చేరేసరికి నా నీలం చొక్కా వెనక భాగం ఎర్రబడింది.

అప్పటికే ఇన్‌స్పెక్టరు కారు ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. సన్నటి మనిషి, మడత నలగని చొక్కా. ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. వెనక తట్టల సంగతి తెలుసు కదా. లైసెన్సున్న మనిషి ఎవరైనా వెనక కూర్చోవాలన్నాడు. అందుకోసమే వచ్చిన మరిది, చెట్టు నీడలో తన జట్టుతో నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"నానెక్కను వొదినా. నవ్వుకోడానికి నాకు సోటు గావాల."

నా జేబులో లైసెన్సు ఉంది. నేను ఎక్కాను. రెండు తట్టల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. పెయింటర్ బ్రష్షు ఎత్తుకుని కిటికీ దగ్గరకి పరిగెత్తుకొచ్చాడు. "బావా, అద్దం దించు, ఒక్క గీత గీసెత్తాను!"

"ఎవరయ్యా అతను? రంగు పట్టుకుని మీద పడతన్నాడేంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. అప్ప గేరు వేసింది. పెయింటర్ దుమ్ములో ఉండిపోయాడు.

మైదానం చుట్టూ ఒక రౌండు బాగానే తిప్పింది. ఎనిమిది అంకె వేయమంటే వేసింది. వెనక్కి తీయమంటే తీసింది. ఇన్‌స్పెక్టరు అప్పుడు జేబురుమాలు కొంచెం దించి డాష్‌బోర్డు వైపు వంగాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

"జోరు... బాగుంది. నేదు, నిండా... ఏందమ్మా ఇది?" ఇంకొంచెం ముందుకి వంగాడు. తర్వాత, "సల్ల ఏడి? సల్ల ఎవరమ్మా, మీ ఆయనా?"

"మా ఆయన ఏటకెల్లాడు బాబూ."

"మరి సల్ల ఏడి?"

అప్ప వేలు పెట్టి చూపించింది. "సల్ల ఇదిగో. ఏడి అదిగో. ముల్లు మద్దెలో ఉన్నాది, బయమేటి నేదు."

ఇన్‌స్పెక్టరుకి సగం అర్థమైంది, సగం కాలేదు. పెదవులు బిగించుకున్నాడు. కోపమో, నవ్వో వెనక నుంచి నాకు తెలియలేదు. "సరే, ఆ మెట్ట ఎక్కించు" అన్నాడు.

మైదానం పక్కనే బాగా ఏటవాలైన రోడ్డుంది. టెస్టులో అదే గండం. సగం దాకా ఎక్కామో లేదో బానెట్ కింద ఫట్‌మని ఏదో తెగింది. ఇంజన్ ఆగలేదు, బండి ఎక్కుతూనే ఉంది. ముల్లు మాత్రం కదిలింది. మెల్లగా, తర్వాత గబగబా. అప్ప చూపు రోడ్డు మీద ఒకసారి, ముల్లు మీద ఒకసారి. ముల్లు ఎర్ర అక్షరాల్ని తాకింది. అప్ప పెదాలు కదిలాయి. "ఏ... డి." బండి పక్కకి తీసి, హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజన్ ఆపేసింది.

"ఎందుకాపావ్? నేను ఆపమన్నానా? పోనీ!"

"ఎల్లను బాబూ. ఏడి అంటంది."

"టెస్టులో నేను చెప్పిందే చెయ్యాల. పోనీ అంటున్నా. పోకపోతే ఫెయిల్ రాస్తా!"

బండి పోనిస్తే ఇంజన్ పోతుంది, ఆపితే తాళం పోతుంది. అప్ప రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చుంది.

"రాసీయండి బాబూ. మీరు ఇయ్యాలే ఉంటారు. ఈ ముల్లుతో నాను రోజూ బతకాల."

ఇన్‌స్పెక్టరు విసురుగా దిగాడు. నేనూ దిగి బానెట్ ఎత్తాను. ఆవిరి గుప్పుమని ఇద్దరి ముఖాల మీదా కొట్టింది. ఫ్యాను బెల్టు తెగి కింద వేలాడుతోంది. మెట్ట చివరి దాకా ఎక్కించి ఉంటే ఇంజన్ పట్టేసేది. ఆయన తెగిన బెల్టు వైపు చూశాడు, వెళ్ళి మళ్ళీ డయలు వైపు చూశాడు. "ఏడి... వేడి!" అన్నాడు. అన్నాక మెట్ట మీద నిలబడి, ఆ మడత నలగని చొక్కాతో, కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వాడు. "నేనింకా మనిషి కోసం వెతుకుతున్నారనుకున్నానయ్యా! సల్ల ఏడి! సల్ల ఏడి!" నవ్వు ఆపుకోలేక జేబురుమాలు నోట్లో కుక్కుకున్నాడు. అతణ్ణి చూసి నేను, నన్ను చూసి అప్ప, ముగ్గురం పొగలు కక్కే కారు చుట్టూ నిలబడి పిచ్చిపట్టినట్టు నవ్వాం.

కింద నుంచి ఆవిరి చూసి మరిది పరిగెత్తుకొచ్చాడు. "సెప్పేను కదేటి? ఉడకబెట్టీసింది! దిగు వొదినా, దిగు."

"ఉండవయ్యా, టెస్టు అవలేదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. మరిది తలుపు మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

డిక్కీలో ఐసు కింద ఒక పాత బెల్టు దొరికింది. ఇంజన్ చల్లారాక నేను దాన్ని బిగించాను. రేడియేటర్‌లో పోయమని ఇన్‌స్పెక్టరు తన తాగే నీళ్ళ సీసా తానే తెచ్చి ఇచ్చాడు. అప్ప మళ్ళీ స్టీరింగ్ ముందు కూర్చుంది. ఏటవాలులో ఆగిన బండిని వెనక్కి జారకుండా కదిలించడం ఎంత కష్టమో నడిపినవాళ్ళకి తెలుసు. ఆవిడ ఒక్క బెత్తెడు కూడా జారనివ్వలేదు. మెట్ట పైకెక్కించి, తిప్పి, మైదానంలోకి తెచ్చి ఆపింది. ఇన్‌స్పెక్టరు కాగితం మోకాలి మీద పెట్టి సంతకం చేశాడు.

"పాస్. నా మాట వినలేదు, ముల్లు మాట విన్నావు. అదే కావాల. కానీ అమ్మా, ఆ అక్షరం దిద్దించుకో. వేడి అని ఉండాల."

ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు మా పెయింటర్. రంగు డబ్బాతో ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో, తలుపు తీసి సగం లోపలికి దూరాడు. అప్ప వాడి చెయ్యి పట్టుకుంది.

"ముట్టుకున్నావంటే ఇరిసీత్తాను."

"తప్పంటన్నారు కదప్పా!"

"ఏడి అనుంటే ఆగేను. వేడి అనుంటే, ఇదేటి కొత్త మాటని కూడబలుక్కునేలోగా ఇంజను పోయేది."

కందకి లేని దురద కత్తిపీటకెందుకని నేను వాణ్ణి వెనక్కి లాగాను. ఆ లాగుడులో డబ్బాలో మిగిలిన రంగు ఇద్దరి చేతుల మీదా పడింది.

మరిది జట్టు అప్పటికే చల్లగా జారుకుంది. వాడొక్కడే కారు దగ్గరకి వచ్చాడు. అలవాటైన చెయ్యి కదా, తాళం కోసం దానంతటదే ముందుకి చాచుకుంది. అప్ప ఆ చెయ్యి వైపు చూసింది. తాళం తీసి బొడ్లో దోపుకుని, పక్కనున్న ఖాళీ చేపల తట్ట తీసి ఆ చేతిలో పెట్టింది.

"ఎనక్కెక్కు. బజారు తెరిసీసుంటారు."

వాడు తట్ట ఒళ్ళో పెట్టుకుని వెనక ఎక్కాడు. కారు మైదానం దాటి రోడ్డెక్కింది. నేనూ పెయింటరూ రంగు చేతులతోనే చప్పట్లు కొడుతూ దాని వెనక కొంత దూరం పరిగెత్తాం.